సగంలో ఆపిన మాట

శుక్రవారం సాయంత్రం హేస్ స్టేషన్ బయట నీలిమ ఒక అట్టముక్క మీద పేరు రాసి పట్టుకుని నిలబడింది గానీ, దాని అవసరం పడలేదు. బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన మనిషి, చంటిపిల్లల బళ్లకూ పెద్ద పెట్టెలకూ ఉంచిన వెడల్పు గేటులోంచి, అది తన కోసమే పెట్టారన్నంత మర్యాదగా బయటికి వచ్చాడు. భుజాన గుడ్డసంచీ, చేతిలో వెదురు చీపురు. వయసు నలభై దాటి ఉంటుంది. నలిగి ముడుచుకుపోయిన చెవులు, పొట్టిగా కత్తిరించిన జుట్టు. నడక నెమ్మదిగానే ఉంది, ఎడమ కాలు మోపేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆలోచించి మోపుతున్నాడు.

ఆయన వంగి నమస్కరించాడు. నీలిమ కూడా వంగింది. ఒసాకాలో ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన నడుము, ఆమెను అడగకుండానే ఆయన కన్నా కిందికి వంగింది. పక్కన బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు తలలు తిప్పి చూశారు.

"మొరిత గారూ, ఆ చీపురు ఎందుకు?" అని జపనీస్‌లో అడిగింది.

"గోదా ఊడ్చుకోవాలి కదా," అన్నాడు ఆయన, అదేం ప్రశ్న అన్నట్టు.

కారులో ముందు సీటును పట్టాల చివరిదాకా వెనక్కి జరిపారు. బెల్టు చాలకపోతే అతికించుకునే అదనపు ముక్క ఆయన సంచీలోనే ఉంది. తీసి, టక్కుమని బిగించుకుని, "ఇబ్బంది పెడుతున్నాను," అన్నాడు. ఒకప్పుడు జపాన్ గోదాల్లో ఒకినాగి అనే పేరుతో సూమో కుస్తీ పట్టిన మనిషి. ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో ఒక నూడుల్స్ హోటల్ వంటింట్లో పని చేస్తున్నాడు, ఆదివారాలు పిల్లలకు సూమో నేర్పుతున్నాడు. ఆయన్ని హేస్ తెలుగు కుటుంబాల సంఘం క్రీడోత్సవానికి పిలిపించాలన్న ఆలోచన నీలిమదే.

ఆలోచన ఊరికే పుట్టలేదు. సంఘం అధ్యక్షుడు రఘువీర్ గారికి ఎయిర్‌పోర్టు పక్కన సరుకు రవాణా కంపెనీ ఉంది. నీలిమ భర్త చక్రి అందులో కంప్యూటర్లు చూస్తాడు. క్రీడోత్సవానికి స్పాన్సర్ ఆయనే, చక్రి వీసాకూ స్పాన్సర్ ఆయనే. ఈ దేశంలో మనవాళ్లు ఆ ఒక్క ఇంగ్లీషు మాటను దేవుడి పేరు పలికినట్టు పలుకుతారు. వీసా గడువు దగ్గర పడుతోంది. రఘువీర్ గారు కాగితాల మాట ఎత్తినప్పుడల్లా "చూద్దాంలే చక్రీ" అంటున్నారు. ఆ "చూద్దాం" ఇంట్లో ముగ్గురికీ నిద్ర లేకుండా చేస్తోంది. ఈ ఏడు క్రీడోత్సవంలో ఏదైనా కొత్తగా ఉండాలని ఆయన అన్నప్పుడు, నీలిమ అందరికన్నా ముందు చెయ్యెత్తింది.

ఫ్లాట్‌లో చక్రి రెండు రోజులుగా బియ్యం చాలతాయా అని బెంగ పెట్టుకుని ఉన్నాడు. మొరిత గారు చక్రి తిన్నంతే తిన్నాడు. అందరూ కాస్త నిరాశపడ్డారు. భోజనం అయ్యాక తన కంచం తనే కడిగి, మర్నాటి పులిహోరకు పోపు సామాను సర్దుకుంటున్న నీలిమ పక్కన నేల మీద కూర్చుని, పచ్చడికని పెట్టిన వెల్లుల్లి గుట్టను తన వైపు లాక్కున్నాడు. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే రెబ్బ పొట్టులోంచి బయటపడుతోంది. తొమ్మిదేళ్ల సిరి నోరు తెరుచుకుని చూస్తూ కూర్చుంది.

"పదిహేనో ఏట తాలింఖానాలో చేరాను," అన్నాడు ఆయన ఒలుస్తూనే. "మూడేళ్లు ఇదే పని. వెల్లుల్లి ఒలవడం, అన్నల వీపులు రుద్దడం. అందరూ తిన్నాక మిగిలింది తినడం. జీతం వచ్చే శ్రేణికి చేరాక నా వీపు రుద్దడానికి ఒకడు వచ్చాడు. మొదటిరోజు సిగ్గేసి వాణ్ణి వెళ్లిపొమ్మన్నాను."

చక్రి వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసి గొంతు తగ్గించి, "ఈయప్ప రేపు బాగా చేస్తే సార్ ఖుషీ అయితాడు. ఆ జోరులో అడుగుదామా?" అన్నాడు.

"నువ్వు అడగాకు. నేనే అడుగుతాలే," అంది నీలిమ.

శనివారం, అద్దెకు తీసుకున్న స్కూలు మైదానంలో, మొరిత గారు అందరికన్నా ముందు పనిలో దిగాడు. మందపాటి తాడును గడ్డి మీద గుండ్రంగా పరిచి మేకులు కొట్టాడు. లోపల మూటలకొద్దీ ఇసుక పోసి, కాళ్లతో తొక్కి, చీపురుతో మధ్యలోంచి అంచులకు ఊడ్చాడు. ఇసుక మీద చీపురు గీతలు పడేదాకా ఊడ్చాడు. ఆ తరవాత ఎవరో పిల్లాడు బంతి కోసం లోపలికి పరిగెత్తి అడుగుల గుర్తులు వేస్తే, కోప్పడకుండా మళ్లీ మొదటినుంచి ఊడ్చాడు. నిక్కరు మీద తెల్లటి మందపు గుడ్డను గోచీలా బిగించి కట్టుకున్నాడు, ఎడమ మోకాలికి పట్టీ చుట్టుకున్నాడు. నీలిమ ఈస్ట్ హామ్ కొట్టులో కొన్న రాళ్ల ఉప్పు గుప్పెడు తీసి గోదాలో చల్లాడు.

పులిహోర బల్ల దగ్గర కూర్చున్న నాగేశ్వరి ఆంటీ, "ఎవరికమ్మా దిష్టి తీస్తున్నాడు?" అంది.

"గోదాకు ఆంటీ. శుద్ధి చేస్తారు."

"మంచి పని. ఇక్కడ అందరికీ తీయాల్సిందే," అంది ఆంటీ, రఘువీర్ గారి కొత్త కారు వైపు చూస్తూ.

మొరిత గారు కాలు పక్కకు ఎత్తి నేల మీద మోపినప్పుడు బల్ల మీద గ్లాసులు కదిలాయి. పిల్లలు కేకలు పెట్టారు. ఆ తరవాత పిల్లల వంతు వచ్చింది. ఒకరొకరుగా వచ్చినవాళ్లను నడుం పట్టుకుని ఎత్తి గాలిలో తిప్పి దించాడు. ఆరుగురు కలిసి మీద పడితే పెద్దగా మూలుగుతూ వెనక్కి వెనక్కి జరిగి, తాడు అవతల వెల్లకిలా పడ్డాడు. నవ్వి నవ్వి సిరికి ఎక్కిళ్లు పట్టాయి. ప్రతి ఓటమికీ లేచి తన చోటికి వెళ్లి వంగి నమస్కారం పెట్టాడు. పిల్లలు కూడా పెట్టేదాకా అలాగే ఉండి, అప్పుడు లేచాడు. రెండోసారికల్లా పిల్లలకు అది వచ్చేసింది.

రఘువీర్ గారు ట్రాక్‌సూట్ మీద కండువా నడుముకు చుట్టుకుంటూ నీలిమ దగ్గరికి వచ్చారు.

"ఏమ్మా నీలిమా, మీ పహిల్వాను బాగానే పడుతున్నాడే. నేనూ ఓ పట్టు పడతాను. కంపెనీ పేజీలో పెడదామని వీడియో తీయిస్తున్నాం. నా చేతిలో కూడా అలాగే పడమను."

"అంటే, పిల్లలతో అయితే..."

"నన్ను కూడా ఆటలో అరటిపండు అనుకోమను," అని ఆయన తన జోకుకు తనే నవ్వారు.

ఆటలో ఉన్నా లెక్కలోకి రాని చిన్నపిల్లలకు జపనీస్‌లోనూ ఒక మాట ఉంది. నీలిమ ఆ మాటే వాడి చెప్పింది. మొరిత గారి ముఖం విప్పారింది.

"సంతోషంగా. మైకులో ఒక్క మాట చెప్పండి, ఈయన ఈ రోజు చిన్నపిల్లవాడి కింద లెక్క అని. ఎంత బాగా కావాలంటే అంత బాగా పడతాను."

రఘువీర్ గారికి ఈ మాట చెప్పేసరికి ఆయన నవ్వు సగానికి వచ్చింది. "మైకులో చెప్తే ఇంక వీడియో ఎందుకమ్మా?"

నీలిమ మళ్లీ ఇటు తిరిగింది. మొరిత గారు శ్రద్ధగా విన్నాడు. "పెద్దవాళ్లతో నిజంగానే పట్టాలి. దెబ్బ తగలకుండా పట్టుకుని మెల్లిగా తాడు దాటిస్తాను. ఆయనకు అందులో చిన్నతనం ఏమీ లేదు. కావాలని ఓడిపోవడం మాత్రం నా వల్ల కాదు. క్షమించండి."

"ఏమంటున్నాడు?" అన్నారు రఘువీర్ గారు. ఆమె జవాబు వెతుక్కునేలోపే భుజం తట్టి, "చక్రి చెప్పాడులే, జపాన్‌లో పెద్దపెద్ద క్లయింట్లనే ఒప్పించావట. ఈయన్ని ఒప్పించలేవా?" అని కెమెరా కుర్రాడి వైపు నడిచారు.

చక్రి పేరు ఆయన కావాలనే తీశారో, మాటవరసకు తీశారో. పని కావలసినవాళ్లకు ఎదుటివాడి దగ్గు కూడా బరువుగానే వినిపిస్తుంది. నీలిమ బల్లల అవతల కుర్చీలు మోస్తున్న చక్రిని చూసింది. జీతం ఇచ్చేవాడి పండగలో కుర్చీలు మోసే మనిషి నడక ఎలా ఉంటుందో అలాగే ఉంది అతని నడక.

జపనీస్‌లో ఒక వెసులుబాటు ఉంది. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న మాటను సగంలో ఆపేయవచ్చు. మిగతా సగం ఎదుటివాళ్లు తమంతట తామే పూరించుకుంటారు. అడిగి చెప్పించుకోవడం మోటుతనం. ఒసాకాలో మొదటి ఏడాది నీలిమ ఈ పద్ధతి పట్టుబడక చాలా తిప్పలు పడింది, తరవాత అదే ఎంతో మర్యాదైన పద్ధతి అనిపించింది.

"నిజానికి రఘువీర్ గారి ఒంట్లో... ఈ మధ్య కొంచెం..." అంది. అని ఆపింది. తల దించుకుంది. తల దించుకోవడం కూడా ఆ వాక్యంలో భాగమే.

రఘువీర్ గారి ఒంట్లో ఈ మధ్య కొంచెం పెరిగింది పొట్ట ఒక్కటే. కానీ ఆ సంగతి ఆ వాక్యంలో లేదు.

మొరిత గారు గోదా అవతల కెమెరా ముందు కండలు చూపిస్తున్న మనిషిని చూశాడు. తరవాత నీలిమను చూశాడు. "అలాగా," అన్నాడు.

పట్టు ఎక్కువసేపు సాగలేదు. రఘువీర్ గారు కేక పెట్టి వెళ్లి ఢీకొట్టారు. మొరిత గారు ఛాతీతో ఆపుకున్నాడు, ఒక్క క్షణం ఆయన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఏదో వింటున్నట్టు కనిపించాడు. ఆ తరవాత కాళ్లు ఇసుకలో గీసుకుంటూ వెనక్కి జరిగి, తాడు తగలగానే ఎడమ మోకాలు మడతపడి, పక్కకు పడ్డాడు. పిల్లలతో పడినట్టు వెల్లకిలా పడలేదు. జనం లేచి చప్పట్లు కొట్టారు. రఘువీర్ గారు ఆయన పొట్ట మీద ఒక కాలు పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, వీడియోకు ఒకసారి, ఫొటోకు ఒకసారి నిలబడ్డారు.

కాలు తీశాక మొరిత గారు లేచాడు. ఇసుక దులుపుకోలేదు. తన చోటికి వెళ్లి వంగి నమస్కారం పెట్టి, అలాగే ఉన్నాడు. ఎదుటి చోటు ఖాళీగా ఉంది. రఘువీర్ గారు ఫోన్ల మధ్యలో ఉన్నారు. నీలిమకు అక్కడికి వెళ్లి "సార్, ఒకసారి వచ్చి నమస్కారం పెట్టండి" అనడానికి పది అడుగులు కూడా లేవు. వెళ్లలేదు. ఆ వంగిన వీపును చూస్తూ నిలబడింది. చాలాసేపటికి మొరిత గారు తనంతట తనే లేచి, చీపురు తీసుకుని, గోదాలో గుర్తులు చెరిపాడు.

"సోమవారం హెచ్ఆర్ వాళ్లతో మాట్లాడతానమ్మా, చక్రి పని అయిపోయినట్టే," అన్నారు రఘువీర్ గారు పోతూ పోతూ. నీలిమ "థాంక్యూ సార్" అంది. తన గొంతు తనకే రోతగా వినిపించింది.

సాయంత్రం మొరిత గారు ముందు గదిలో మోకాలి మీద ఫ్రోజెన్ బఠాణీల సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. చక్రి ఆయనకు రెండుసార్లు టీ ఇచ్చాడు, మూడోసారి కూడా ఇవ్వబోయాడు. వంటింట్లో సిరి నీలిమ చీర కుచ్చిళ్లు పట్టుకుని ఆపింది.

"వాట్ డిడ్ యూ టెల్ హిమ్, అమ్మా?"

"ఎవరికి?"

"సూమో అంకుల్‌కి. హి వాజ్ సేయింగ్ నో. యూ సెడ్ కరద. కరద మీన్స్ బాడీ, రైట్? నర్సరీలో చెప్పేవాళ్లు కదా. వాట్స్ రాంగ్ విత్ రఘువీర్ అంకుల్స్ బాడీ?"

జపాన్ వదిలేటప్పటికి దానికి ఐదేళ్లు. అంతా మర్చిపోయిందని నీలిమ బాధపడుతూ ఉండేది. ఇప్పుడు మర్చిపోయి ఉంటే బాగుండేదనిపించింది.

"ఏం ల్యా. పోయి స్నానం చెయ్ పో," అంది. సిరి వెళ్లలేదు. కాసేపు తల్లి ముఖం చూసి, కుచ్చిళ్లు వదిలిపెట్టి, అప్పుడు వెళ్లింది. నీలిమ కుళాయి తిప్పి, కడిగేసిన గిన్నెలనే మళ్లీ కడిగింది.

ఆదివారం పొద్దున నీలిమ ఆయన్ని తనే బర్మింగ్‌హామ్ దిగబెడతానంది. ఆ మోకాలితో రైలు మారనక్కర్లేదని చక్రికి చెప్పింది. దారిలో చెప్పేయాలనేది అసలు ఉద్దేశం. మోటార్‌వే మీద రెండుసార్లు "మొరిత గారూ, నిన్న..." అంది. మొదటిసారి ఆయన "నిన్న పులిహోర చాలా బాగుంది" అన్నాడు. రెండోసారి "వాన వచ్చేలా ఉంది" అన్నాడు. మూడోసారి అనడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు.

ఆయన సూమో నేర్పే లీజర్ సెంటర్ హాల్లో చాపలు పరిచి, గుడ్డ చుట్టిన తాడుతో గోదా సిద్ధం చేసుకుని పదిమంది పిల్లలు ఎదురుచూస్తున్నారు. మొరిత గారి ఇంగ్లీషు కూర్చో, లే, ఇంకొకసారి అనేంతవరకే. ప్రతి వారం అనువాదం చేసే కుర్రాడు ఈ వారం రాలేదు. "ఐదు నిమిషాలు ఉండగలరా?" అని ఆయన అడిగితే నీలిమ సరేనంది. కాదనే ముఖం ఆమెకు లేదు.

జోయా అనే పదమూడేళ్ల పిల్ల ముందుకు వచ్చింది. జడలు బిగించి కట్టుకుంది, చేతిలో ఫోను. రఘువీర్ గారి కంపెనీ పేజీలో వీడియో ఆడుతోంది. పొట్ట మీద కాలు.

"ఇది మీరేనా?" అని ఇంగ్లీషులో అడిగింది. నీలిమ జపనీస్‌లో చెప్పింది.

"నేనే."

"మోకాలు జారిందా?"

నీలిమ ఆ మాటను ఆశగా అనువదించింది. అవునంటే అంతటితో పోతుంది.

"లేదు. కావాలని పడ్డాను," అన్నాడు మొరిత గారు.

ఆ మాట ఇంగ్లీషులోకి రావడానికి కొంచెం సమయం పట్టింది. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. జోయా చెవులు ఎర్రబడ్డాయి.

"మాకు వద్దన్నారు కదా. పోయిన టోర్నమెంట్లో నా ఫ్రెండ్ ఏడుస్తుంటే, నేను కావాలని ఓడిపోతానంటే, మీరు వద్దన్నారు కదా. తప్పన్నారు."

"అవును. తప్పే."

"మరి ఎందుకు పడ్డారు?"

మొరిత గారు గోదా బయటే మోకాళ్ల మీద కూర్చోబోయి, ఎడమ కాలు మడత పడక చాపుకుని కూర్చున్నాడు. ఒక్కో వాక్యం చెప్పి ఆగాడు. నీలిమ ఒక్కో వాక్యం ఇంగ్లీషులో పెట్టింది.

"నాకు పట్లన్నీ నేర్పిన ఒక అన్న ఉండేవాడు. వేరే తాలింఖానా, కానీ సాధన కలిసి చేసేవాళ్లం. ఒక టోర్నమెంటు ఆఖరి పోటీ మా ఇద్దరికే పడింది. గెలవకపోతే ఆయన శ్రేణి పోతుంది, జీతం పోతుంది. ముందురోజు నా గదికి వచ్చాడు. పడమని అడగలేదు. 'రేపు నాకు...' అని సగంలో ఆపాడు."

నీలిమ కూడా అక్కడ ఆగింది. ఇంగ్లీషులో ఆ సగం వాక్యం బాగా రాలేదు. రెండోసారి చెప్పింది.

"నాకు అర్థమైంది. అర్థం కానట్టు ఉన్నాను. మర్నాడు ఆయన్ని తాడు దాటించాను. నేర్పినవాణ్ణి గెలవడాన్ని మా దగ్గర రుణం తీర్చుకోవడం అంటారు. అందరూ మెచ్చుకున్నారు. కొన్నాళ్లకు ఆయన కుస్తీ మానేసి, జుట్టుముడి కోయించుకుని ఊరు వెళ్లిపోయాడు. నాకు మళ్లీ కనిపించలేదు. నేను చేసింది సరైన పనే. కానీ దాని గురించి ఆలోచించని రోజు లేదు."

ఆయన నీలిమ వైపు చూడలేదు. పిల్లల వైపే చూస్తూ చెప్పాడు.

"నిన్న ఇంకొకరు అలాగే సగంలో ఆపారు. ఎదుటి మనిషి ఒంట్లో బాగాలేదని నేను అనుకోవాలి. ఛాతీకి ఛాతీ ఆనగానే తెలిసిపోయింది, ఆయన ఎద్దులా ఉన్నాడు. అప్పుడు నెట్టేయవచ్చు. కానీ అడిగినవాళ్ల ముఖం మా అన్న ముఖంలా ఉంది. ఏదో గట్టి అవసరమే ఉండి ఉంటుంది. అందుకని పడ్డాను. అది కూడా సరి కాదు. అందుకే ఈ రోజు నేను గోదాలోకి రాను."

నీలిమ అంతా చెప్పింది. ఒక్క మాట వదల్లేదు. 'ఎద్దులా' అన్నప్పుడు ఒక పిల్లాడు నవ్వబోయి మానేశాడు. తన ముఖం గురించి తనే, ఎవరో పరాయి మనిషి ముఖం గురించి చెప్పినట్టు చెప్పింది. చెబుతుంటే నెత్తురంతా చెంపల్లోకి వచ్చింది.

"ఎవరు అడిగింది?" అంది జోయా.

అది అనువదించేసరికి మొరిత గారు తల అడ్డంగా ఊపాడు. "ఆ ప్రశ్నకు జవాబు లేదని చెప్పండి."

నీలిమ నోరు తెరిచింది. జవాబు లేదని చెప్పడం చాలా సులువు. ఆయనే చెప్పమన్నాడు. రేపు సోమవారం.

"నేను," అంది. "అడిగింది నేను. గెలిచినాయనకు జబ్బు అన్నట్టు అబద్ధం చెప్పింది నేను. ఆ కంపెనీలో మా ఆయన వీసా పని ఉంది. అందుకని."

జోయా ఆమెను తల నుంచి కాళ్లదాకా చూసింది. మాస్టారి మీద వచ్చిన కోపం ఎటు తిప్పాలో దానికి ఇప్పుడు తెలిసింది.

"అయితే ఈ వీడియో అబద్ధమని కింద రాయనా?"

ఆ రాతను రఘువీర్ గారు సాయంత్రంలోపు చూస్తారు. చక్రి చూస్తాడు. కుర్చీలు మోసిన ఆ నడక, రెండుసార్లు ఇచ్చిన టీ, రేపు కావలసిన సంతకం, అన్నీ నీలిమ కళ్ల ముందు తిరిగాయి.

"రాయి," అంది.

"మీ పేరు కూడా రాయాలా? స్పెల్లింగ్ చెప్పండి."

ఒక్కో అక్షరం చెప్పింది. జోయా బొటనవేళ్లతో టకటకా కొట్టి, ఇంకోసారి చదువుకుని, పంపేసింది.

మొరిత గారు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. "మీరేం చెప్పారు?" అన్నాడు. నీలిమ జపనీస్‌లో చెప్పింది. ఈసారి ఎక్కడా ఆపలేదు. క్రియ దాకా వెళ్లి వాక్యం పూర్తి చేసింది. ఆయన చివరిదాకా విన్నాడు. బాగా చేశావనలేదు, పోనీలే అని కూడా అనలేదు. పక్కకు జరిగి, గోడ దగ్గర చాప మీద చోటు చూపించాడు.

"అయితే మీరూ ఇలా బయట కూర్చోండి."

నీలిమ చెప్పులు విప్పి ఆయన పక్కన కూర్చుంది. పిల్లలు వాళ్లంతట వాళ్లే వరస కట్టారు. జోయా ముందు నిలబడి గట్టిగా లెక్క పెడుతుంటే కాళ్లు ఎత్తి నేల మీద మోపారు. సంచీలో ఫోను అదరడం మొదలుపెట్టింది. ఆగి, మళ్లీ అదిరింది. నీలిమ తీయలేదు.

"ఎంతసేపు కూర్చోవాలి?" అని మెల్లిగా అడిగింది.

"పిల్లలు పిలిచేదాకా," అన్నాడు మొరిత గారు.

ఆ రోజు వాళ్లు పిలవలేదు.